ఫ్యూజ్ పోతే కొత్తదా, రాగి తీగా?
అలిపిరి దగ్గర బండి ఆగిపోయింది. సెల్ఫ్ లేదు, హారన్ లేదు. తాళం ఆఫ్ చేసి, ఫ్యూజ్ పీకి వెలుతురులో చూస్తే లోపలి సన్న తీగ తెగి, ప్లాస్టిక్‌కి మసి పట్టి ఉంది.

"రాగి తీగ చుట్టేయన్నా, ఇల్లు చేరతావు" అన్నాడు పక్కనున్న అబ్బాయి. నిజమే, బండి కదుల్తుంది. కానీ షార్ట్ అయితే మందపాటి తీగ తెగదు, వైరింగే కాలుతుంది. అదీ పెట్రోల్ ట్యాంక్ కిందే! నేనైతే ఒప్పుకోను.

ఫ్యూజ్ మాత్రం తాను తెగి వైర్లను కాపాడుతుంది. పాతది ఎన్ని ఆంపియర్లో కొత్తదీ అంతే ఉండాలి. ఫ్యూజ్ రంగు చూస్తే తెలుస్తుంది: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు. చాలా బండ్లకు ఫ్యూజ్ డబ్బాలోనే స్పేర్ ఉంటుంది. నాకూ అక్కడే దొరికింది.

కొత్తదీ వెంటనే పోతే ఇంకోటి పెట్టకండి. హ్యాండిల్ దగ్గర ఒరుసుకున్న వైరు కోసం వెతకండి.