పుస్తకాల పనివారికి ఉచిత ఆన్‌లైన్ చర్చలు: కొన్నేళ్ల వీక్షణ తరువాత

ఇంటర్నెట్‌లో ఉచితంగా లభించే రచయితల ప్రసంగాలు, ప్రచురణ రంగ చర్చలు అనే రెండింటిలో, పుస్తకాల పని చేసేవారికి రెండవదే ఎక్కువ మేలు చేస్తుందని, కొన్నేళ్లుగా వాటిని క్రమం తప్పకుండా చూసిన మీదట నా దృఢమైన అభిప్రాయం. హైదరాబాదులో తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతూ, అనువాదాలను మూలంతో సరిచూస్తూ ఉంటాను. ఈ పని పెద్దల పక్కన కూర్చొని నేర్చుకోవలసినదే గాని, తరగతి గదిలో చెప్పేవారు మన దగ్గర అరుదు. ఆ లోటును ఈ రికార్డింగులు చాలావరకు తీర్చాయి.

నేను అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగించినది అమెరికాలోని సీ-స్పాన్ అనే టీవీ సంస్థ 1998లో మొదలుపెట్టిన పుస్తక కార్యక్రమాల ప్రసారం, బుక్ టీవీ. ఇది ప్రధానంగా కథేతర పుస్తకాలకు సంబంధించినది కాబట్టి నవలాకారుల కోసం వెతికేవారికి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. చరిత్ర, జీవిత చరిత్ర, రాజకీయాలు చదివేవారికి మాత్రం ఇది తరగని నిధి. పాత కార్యక్రమాలను సంస్థ వెబ్‌సైటులో భద్రపరచి, చాలా వాటికి మాటల పాఠాన్ని కూడా వీడియో పక్కనే ఇచ్చినందువల్ల, గంటసేపటి చర్చలో మనకు కావలసిన విషయం ఎక్కడ వచ్చిందో ఒక పదంతో వెతికి పట్టుకోవచ్చు. ఆ పాఠం యథాతథంగా నమ్మదగినది కాదు. పేర్లు తరచుగా తప్పుపడతాయి. అయినా అమెరికన్ ఉచ్చారణ చెవికి అలవాటు పడేదాకా అదే ఆధారం.

అమ్ముడుపోని ప్రతులను దుకాణాలు ప్రచురణకర్తకు తిప్పి పంపే పద్ధతి అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో స్థిరపడిందనీ, ఆ భారం ముద్రణ సంఖ్యను, ధరను ఎలా ప్రభావితం చేస్తుందనీ ప్రచురణ రంగ చర్చలలో ప్రచురణకర్తలే వివరించగా విన్నప్పుడు, కోఠి, కాచిగూడల దుకాణాలలో పుస్తకాలు ఉంచి, అమ్మిన తరువాతే డబ్బు అందుకునే మన చిన్న ప్రచురణకర్తల ఇబ్బందిని ఇంకొంచెం లోతుగా చూడగలిగాను. అడ్వాన్సు సంగతీ అంతే. అది రాబోయే రాయల్టీలో, అంటే అమ్మకాల మీద రచయితకు వచ్చే వాటాలో, ముందుగా ఇచ్చే భాగమనీ, ఆ మొత్తం అమ్మకాలతో తీరేవరకు రచయితకు మళ్లీ రాయల్టీ అందదనీ తెలిసినవారు ఒప్పందంలోని ప్రతి వాక్యాన్నీ శ్రద్ధగా చదువుతారు.

అనువాదకుల చర్చల గురించి కొంత విస్తరించి చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నింటికన్నా ఎక్కువ నేర్పినవి అవే. ఇంగ్లిష్‌లోకి అనువాదమైన పుస్తకానికి అంతర్జాతీయ బుకర్ బహుమతి కింద ఇచ్చే 50,000 పౌండ్లను రచయితకు, అనువాదకునికి సమానంగా పంచుతారు. 2025లో కన్నడ కథలకు గాను బాను ముష్తాక్, దీపా భాస్తి దానిని పంచుకున్నారు. ఇటువంటి జంటలు ఒకే వేదిక మీద కూర్చొని మాట్లాడే రికార్డింగులలో, ఒక సామెతను ఎందుకు ఉన్నది ఉన్నట్టు ఉంచారో, ఏ వరుస పిలుపును మూలంలోలాగే వదిలారో, సంపాదకుడు ఎక్కడ పట్టుబట్టాడో బయటపడుతుంది. పుస్తకం చదివితే ఫలితం కనిపిస్తుంది గాని, ఆ తర్జనభర్జన ఇక్కడే వినిపిస్తుంది. అనువాద హక్కు ఎన్నేళ్లకు ఇస్తున్నారు, ఆడియో పుస్తకం, ఈ-బుక్ అందులో చేరతాయా అనే ప్రశ్నలను మన తెలుగు అనువాదకులు పని మొదలుపెట్టే ముందే అడగాలని ఈ చర్చలు విన్న తరువాత అందరికీ చెబుతున్నాను.

జైపూర్ సాహిత్యోత్సవం సదస్సులు యూట్యూబులో విరివిగా ఉన్నాయి. వక్తలు గొప్పవారే అయినా, ఒక్కొక్క సదస్సుకు గంటకు మించి సమయం ఉండదు, వేదిక మీద నలుగురైదుగురు ఉంటే ఎవరికీ మాట పూర్తి చేసే వ్యవధి చిక్కదు. ఇద్దరు మాత్రమే ఉన్న సదస్సులను ఎంచుకోవడం మంచిది. డెన్మార్క్‌లోని లూసియానా మ్యూజియం వారి ఛానెల్‌లో రచయితల సంభాషణలు నిదానంగా, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో ఉంటాయి. రచనా ప్రక్రియ మీద ఆసక్తి ఉన్నవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

ప్రత్యక్ష ప్రసారాల కోసం నిద్ర చెడగొట్టుకోవలసిన అవసరం లేదు. వాషింగ్టన్‌లో సాయంత్రం ఏడు గంటలంటే వేసవిలో మనకు మరునాటి తెల్లవారుజామున నాలుగున్నర. ప్రశ్న అడిగే అవకాశం ఒక్కటి పక్కన పెడితే, రికార్డింగులో పోయేదేమీ లేదు. పైగా ఆపి, వెనక్కి వెళ్లి, నోట్సు రాసుకోవచ్చు. కేవలం వినడానికైతే యూట్యూబులో చిత్రం నాణ్యత తగ్గించుకుంటే డేటా బాగా మిగులుతుంది.

మన తెలుగు సభల రికార్డింగుల గురించి బాధతోనే రాస్తున్నాను. త్యాగరాయ గానసభలోనో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, రవీంద్రభారతిలోనో ఎంతో విలువైన ప్రసంగాలు జరుగుతాయి. వాటిని ఫోనులో బంధించి అందరికీ అందించేవారికి నేను కృతజ్ఞుడిని. కానీ చాలా వీడియోలలో హాలు ప్రతిధ్వనే మాటను మింగేస్తుంది. అతిథుల పరిచయానికి, శాలువాలకు, జ్యోతి ప్రజ్వలనకు మొదటి అరగంట గడుస్తుంది. శీర్షికలో పుస్తకం పేరు తప్ప వక్తల పేర్లు ఉండవు. అందువల్ల రెండేళ్ల తరువాత ఒక విమర్శకుని మాట వెతకాలంటే దారి దొరకదు. పుస్తకానికి అట్ట ఎవరు వేశారు, ఎన్ని ప్రతులు వేశారు, గ్రంథాలయ సంస్థలు కొన్నాయా అనే సంభాషణ వేదిక మీదికి దాదాపుగా రాదు, అది సభ అయ్యాక టీ దగ్గర జరుగుతుంది. సభ నిర్వాహకులు వక్త చొక్కాకు ఒక చిన్న కాలర్ మైకు తగిలించి, వీడియో కింద వక్తల పేర్లను, ఎవరి ప్రసంగం ఏ నిమిషంలో మొదలవుతుందో ఆ వివరాన్ని రాసి, ప్రచురణకర్తతో పావుగంట ముచ్చటను కూడా జతచేస్తే, ఖమ్మంలోనో శ్రీకాకుళంలోనో కూర్చొని మొదటి పుస్తకం అచ్చు వేసుకోదలచిన యువ రచయితకు అది చేతికి అందుతుంది.