ఈ-ము మో'ఫ్యాట్: బేస్ కోసమే కొనొచ్చు

2000లో వచ్చిన ఈ 1యూ (ర్యాక్‌లో ఒక్క అర ఎత్తు) సౌండ్ మాడ్యూల్‌లో 32 ఎంబీ రామ్‌ కాదు, రోమ్ (ముందే నింపిన, మార్చలేని సౌండ్ల మెమరీ) ఉంటుంది. మన శాంపిల్స్ (మనం రికార్డు చేసుకున్న శబ్దాలు) ఎక్కవు. హిప్‌హాప్ డ్రమ్స్, సబ్‌ బేస్ మాత్రం అద్భుతం. కిక్ డ్రమ్ ఈక్యూ (టోన్ సర్దుబాటు) పెట్టకుండానే మిక్స్‌లో గట్టిగా నిలబడుతుంది.

పాలిఫొనీ (ఒకేసారి మోగగల వాయిస్‌ల సంఖ్య) 64 అని మురిసిపోకండి. ప్రీసెట్‌లో నాలుగు లేయర్లు (ఒకదానిపై ఒకటి మోగే సౌండ్లు) ఉంటే ఒక్కో నోట్ నాలుగు వాయిస్‌లు తినేసి, 16 నోట్లే మిగులుతాయి. టోన్‌ను మలిచే ఫిల్టర్లలో రెట్టింపు వాయిస్‌లు తినే 12వ ఆర్డర్ రకం వేస్తే అందులో సగమే. ప్యాడ్ (మెల్లగా సాగే నేపథ్య సౌండ్) చివరి మోత మధ్యలో తెగుతోందంటే కారణమిదే. అక్కర్లేని లేయర్లు తీసేయండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు డేటా నాబ్ నెమ్మదిగా తిప్పండి. అంకెలు వెనక్కి దూకితే, నాబ్ తిరుగుడును పసిగట్టే ఎన్‌కోడర్ అరిగినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్లే పనిచేస్తుంది, చివరికి కొత్తది సోల్డర్ చేయాల్సిందే.