మైనస్ బటన్ నుంచి నన్ను కాపాడిన యాప్: ఇంట్లో ట్రెడ్‌మిల్, క్యూజెడ్, 5 నెలలు

ముందే చెప్పేస్తా, ట్రెడ్‌మిల్ మీద నాకున్న జబ్బు మైనస్ బటన్. 9 స్పీడ్‌లో, అంటే గంటకి 9 కిలోమీటర్లు, 4 నిమిషాలు పరిగెత్తాలని గట్టిగా అనుకుని ఎక్కుతా, రెండో నిమిషానికల్లా వేలు దానంతటదే ఆ బటన్ మీదకి పోతుంది, ఇవాళ్టికి 8 చాల్లే, రాత్రి బిర్యానీ తిన్నాం కదా అని ఏదో ఒక సాకు. స్పీడూ, ఎత్తూ (బెల్టు ముందువైపు లేచే వాలు) నా చేతిలో లేకుండా, ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం మెషీనే మార్చుకుంటూ పోతే ఎలా ఉంటుందో చూద్దామని క్యూజెడ్ యాప్ వేసుకున్నా. 5 నెలలైంది.

ఇది ట్రెడ్‌మిల్‌తో బ్లూటూత్‌లో మాట్లాడే యాప్. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, గిట్‌హబ్ అనే సైట్‌లో ఉంది. మెషీన్ స్పీడ్ ఎంతో చూపించి ఊరుకోదు, ఇప్పుడు 10కి వెళ్లు, ఎత్తు 3 చెయ్యి అని తిరిగి చెబుతుంది కూడా. మనం రాసే ప్రోగ్రాం ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు. ఒక్కో వరసలో ఎంతసేపు, ఎంత స్పీడు, ఎంత ఎత్తు, అంతే. కంప్యూటర్ చదువులు అక్కర్లేదు, ఒక వరస కాపీ కొట్టి అంకెలు మార్చుకోవడం వస్తే చాలు. సెట్టింగ్‌లు మాత్రం బోలెడు. ముట్టుకోకుండా వదిలేస్తే ఏ గొడవా లేదు, నేను ముట్టుకున్నా కాబట్టి మొదటి ఆదివారం మొత్తం పోయింది.

అసలు ఖర్చు, తలనొప్పి అంతా మెషీన్ దగ్గరే. కూకట్‌పల్లిలో ఒక షాపుకి వెళ్తే సేల్స్ కుర్రాడు "బ్లూటూత్ ఉంది సార్, అన్నీ కనెక్ట్ అవుతాయి" అన్నాడు. నిజాంపేటలో మా మూడో ఫ్లోర్‌కి మోయించి బిగించాక తెలిసింది, ఆ బ్లూటూత్ పాటలు పెట్టుకునే స్పీకర్‌కి మాత్రమే అని. రెండు రోజులు వాళ్ల చుట్టూ తిరిగి, పైన ఇంకో 9 వేలు కట్టి వేరే మెషీన్‌కి మార్చుకున్నా. మీరు అడగాల్సింది బ్లూటూత్ ఉందా అని కాదు, ఎఫ్‌టీఎంఎస్ ఉందా అని. వ్యాయామ మెషీన్లన్నీ ఒకే భాషలో మాట్లాడాలని పెట్టిన బ్లూటూత్ పద్ధతి అది. అది ఉన్నా కొన్ని మెషీన్లు స్పీడ్ చెబుతాయి కానీ మన మాట వినవు. అందుకని యాప్ ఫోన్‌లో వేసుకునే షాపుకి వెళ్లండి, యాప్‌లో ప్లస్ నొక్కితే బెల్టు వేగం పెరిగితేనే డబ్బులివ్వండి. షాపువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకో చిన్న ముచ్చట. ఒకరోజు ఎంత తంటాలు పడ్డా కనెక్ట్ కాలేదు, ఆపి, ఆన్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి చెమటలు పట్టాయి, ఇంకా పరుగు మొదలుపెట్టకుండానే. చూస్తే పక్క గదిలో మావాడి ఫోన్‌లో మెషీన్ కంపెనీ యాప్ తెరిచి ఉంది. నా మెషీన్ ఒకసారికి ఒక్క ఫోన్‌తోనే మాట్లాడుతుందట.

ఇక అసలు పని. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది కదా, అందులో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, చేయాలని ఆశ. ఆ రూట్‌లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు మనిషిని పిండేస్తాయి. అందుకే "ఫ్లైఓవర్" అని ఒక ఫైలు రాసుకున్నా: 5 నిమిషాలు 5.5లో నడక, 6 నిమిషాలు 8లో 1 శాతం ఎత్తు, తర్వాత 2 నిమిషాలు అదే 8లో 4 శాతం, మళ్లీ 3 నిమిషాలు సమానంగా, ఇలా ఎక్కడం ఆరుసార్లు. నాలుగో ఎక్కుడు దగ్గర వేలు మైనస్ మీదకి వెళ్లింది, నొక్కా కూడా, కొన్ని సెకన్లలో యాప్ మళ్లీ 8కి లాగేసింది. తిట్టుకున్నా కానీ పూర్తి చేశా. వారం తిరిగాక దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వైపు పరిగెత్తితే ఎక్కుడులో ఆగలేదు. అయితే దిగడం మాత్రం ఇది నేర్పదు. నా మెషీన్‌కి పల్లం లేదు, తొడలు ఇంకా అక్కడే పట్టేస్తున్నాయి.

చిన్న చిన్న స్ప్రింట్‌లు మాత్రం రాయకండి. 6 నుంచి 11కి చేరడానికి నా బెల్టుకి 15 సెకన్ల దాకా పడుతుంది, 20 సెకన్ల పరుగు రాస్తే అందుకున్న ఐదు సెకన్లకే అయిపోతుంది. నిమిషం కంటే తక్కువ ఏదీ పెట్టను ఇప్పుడు.

స్పీడ్ నిజమేనా అని అనుమానం వచ్చి బెల్టు మీద చాక్‌పీస్‌తో గీత గీసి కొలిచా. బెల్టు చుట్టుకొలత 2.8 మీటర్లు, 30 చుట్లకి 84 మీటర్లు. తెర మీద 8 ఉన్నప్పుడు ఇది 38 సెకన్లలోపు అవ్వాలి, 39.5 పట్టింది. అంటే నిజంగా నడిచేది 7.7కి కాస్త తక్కువే. యాప్‌ది తప్పు కాదు, మెషీన్ ఏం చెబితే అదే చూపిస్తుంది. ఇప్పుడు ఫైల్లో 8 కావాలంటే 8.4 రాస్తున్నా.

గుండె వేగాన్ని బట్టి స్పీడ్ దానంతటదే మార్చే పద్ధతి కూడా ఉంది, గుండె వేగం కొలిచే, ఛాతీకి కట్టుకునే పట్టీ ఉంటే. చలికాలంలో బాగుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టా, ఉక్కకి గుండె కొట్టుకోవడం పెరుగుతూనే ఉంది, యాప్ స్పీడ్ తగ్గిస్తూనే ఉంది, అరగంటకి నేను పెళ్లి ఊరేగింపులో నడుస్తున్నట్టున్నా.

కరెంట్ సంగతి. మా జనరేటర్ లిఫ్టుకి, లైట్లకి, ఫ్యాన్లకి తప్ప దీన్ని మోయదు. 9లో ఉండగా ఒకసారి కరెంట్ పోయి బెల్టు టక్కున ఆగింది, చేతులు రెయిలింగ్ పట్టుకోబట్టి పళ్లు మిగిలాయి. సేఫ్టీ కీ (ఊడితే బెల్టుని ఆపేసేది) చొక్కాకి తగిలించుకోవడం మానొద్దు, ఎందుకంటే ఇక్కడ స్పీడ్ పెంచేది మీరు కాదు. కింద ఫ్లోర్ ఆంటీ లిఫ్టులో కనిపించి "ఏం బాబూ, పొద్దున్నే ఐదింటికి పిండి రుబ్బుతున్నారా మీరు" అని అడిగారు. మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, టైమ్ ఆరున్నరకి మార్చా.

ఈమధ్య మా ఆవిడ కూడా తన సీరియల్‌కి ఒక ఫైలు రాయించుకుంది, కథ నడిచినంతసేపు 4.5, యాడ్స్ వచ్చినప్పుడు 6. యాడ్స్ రెండు నిమిషాలు ముందే వచ్చేస్తే మాత్రం తిట్లు యాప్‌కి కాదు, నాకే.