ట్యూబ్ ఫర్నేస్ రివ్యూ: డిస్‌ప్లేలో 500, బెడ్‌లో ఎంత?

కొనచ్చు. ధరకు తగిన వస్తువే ఈ ట్యూబ్ ఫర్నేస్, అంటే లోపల ట్యూబ్ పెట్టి వేడిచేసే కరెంటు కొలిమి. కానీ ప్యానెల్ మీద ఎర్రగా వెలిగే అంకెను నమ్మి ప్రయోగాలు చేసేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నా. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్తాను.

నేను అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ చెప్తాను. మా ల్యాబ్‌లో పనంతా శనక్కాయ పొట్టు మీద. కాయ బరువులో పావు వంతు దాకా పొట్టే కాబట్టి ఈ జిల్లాలో దానికి కరువు లేదు. మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది, అక్కడి నుంచి ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పోతుంది. ఆ పొట్టును గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర వేడి చేసి, వచ్చిన ఆవిర్లను చల్లబరిస్తే నల్లటి బయో ఆయిల్ దిగుతుంది. ఆయిల్ అంటారు గానీ నేరుగా ఇంజన్లో పోసే సరుకు కాదది. బరువులో 35, 40 శాతం ఆక్సిజనే, నీళ్లు ఇంకో పాతిక శాతం దాకా ఉంటాయి. పీహెచ్ 2, 3 మధ్య, అందుకే మామూలు ఇనుమును తినేస్తుంది. కిలోకు వచ్చే వేడి డీజిల్‌లో సగం కూడా ఉండదు. సీసాలో పోసి అలమరలో పెడితే నెలలు గడిచేకొద్దీ చిక్కబడుతుంది. మూత తీస్తే పొగ వాసన, వెనిగర్ వాసన కలిసి కొడతాయి, చీర మార్చుకునేదాకా వదలదు.

ఈ ఆక్సిజన్‌ను వదిలించడమే అప్‌గ్రేడింగ్. రిఫైనరీ పద్ధతిలో అయితే అల్యూమినా మీద నికెల్ మాలిబ్డినమో కోబాల్ట్ మాలిబ్డినమో వేసి, అధిక పీడనంలో హైడ్రోజన్ పట్టించాలి. ఆ పని చేసేవాళ్లకు ఈ రివ్యూ పనికిరాదు, వాళ్లకు కావల్సింది హై ప్రెషర్ రియాక్టర్. మాది మామూలు పీడనంలో జరిగే పని. ఆవిర్లు చల్లారకముందే జడ్‌ఎస్‌ఎమ్-5 అనే జియోలైట్ (సన్నటి రంధ్రాలున్న ఖనిజం లాంటి పదార్థం, మా పనిలో చర్యను నడిపించే క్యాటలిస్ట్ ఇదే) గుండా పంపిస్తాం. 1972లో మొబిల్ కంపెనీ పేటెంట్ పొందిన పదార్థం ఇది. దీని రంధ్రాలు నానోమీటరులో సగానికి కాస్త పైన, అంటే బెంజీన్, టోలీన్ లాంటివి పట్టేంత. ఆక్సిజన్ నీళ్లుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. నూనె తగ్గుతుంది, కానీ మిగిలిందాంట్లో పస ఉంటుంది. ఇందులో ఉష్ణోగ్రతే అన్నీ తేల్చేది. తక్కువైతే బొగ్గు ఎక్కువ మిగులుతుంది, మరీ ఎక్కువైతే నూనె కాస్తా గ్యాసైపోతుంది. ముప్పై డిగ్రీలు అటూ ఇటూ అయినా దిగుబడి పట్టిక మారిపోతుంది.

ఇక వస్తువు సంగతి. హైదరాబాద్‌లో ఒక చిన్న తయారీదారు చేసి ఇచ్చింది. ఒకే జోన్ (మొత్తానికీ ఒకటే కంట్రోల్), 30 సెంటీమీటర్ల వేడి భాగం, అంగుళం ట్యూబ్ పట్టే సందు, కాంథాల్ అనే వేడెక్కే తీగ కాయిల్, చుట్టూ సిరామిక్ ఫైబర్, 2 కిలోవాట్లు. గరిష్ఠంగా 1000 డిగ్రీలని రాసి ఉంది, మేం 600 దాటం. అందరూ ఈ గరిష్ఠ అంకె చూసే కొంటారు. బయోమాస్ పనికి అది దండగ. 1000 పోయేదా 1200 పోయేదా అన్నది పక్కన పెట్టి, 500 దగ్గర ఎంత పొడవున సమానంగా ఉంటుందో అడగాలి.

మెచ్చుకోవాల్సింది ముందు చెప్తా. ఇది నిలువునా రెండు చెక్కలుగా విప్పుకునే రకం, మధ్యలో కీళ్లు. ట్యూబ్ మీద బిగించి నిలబెట్టి వాడుకోవచ్చు. క్యాటలిస్ట్ పనికి నిలబెట్టడం ముఖ్యం. పడుకోబెట్టిన ట్యూబ్‌లో పొడి కిందికి సర్దుకుంటుంది, ఆవిర్లు పైనున్న ఖాళీలోంచి జారుకుంటాయి, జియోలైట్ ముఖం కూడా చూడకుండా. రన్ అయ్యాక గొళ్లెం తీసి రెండు చెక్కలూ తెరిస్తే ట్యూబ్ గబగబా చల్లారుతుంది కాబట్టి ఒకే రోజు రెండో రన్ కూడా వేసుకోవచ్చు. వెల్డింగ్ శుభ్రంగా ఉంది. బయటి రేకు 500 దగ్గర కూడా చెయ్యి పెట్టగలిగేంతే వేడెక్కుతుంది.

ఇప్పుడు అసలు గొడవ. కంట్రోలర్‌కు వెళ్లే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) కాయిల్ పక్కన, ఫర్నేస్ గోడలో ఉంది. అది చెప్పేది గోడ వేడి. మా పొట్టు, మా క్యాటలిస్ట్ ఉండేది స్టీల్ ట్యూబ్ లోపల, ఆ సరుకునే బెడ్ అంటాం. డిస్‌ప్లే 500 దగ్గర నిలబడ్డాక సన్నటి కె-టైప్ థర్మోకపుల్‌ను పైనుంచి ట్యూబ్‌లోకి దించి చూస్తే నడుమ 472. అక్కడి నుంచి రెండేసి సెంటీమీటర్లు జరుపుకుంటూ రాసుకున్నాం. 30 సెంటీమీటర్లలో ఐదు డిగ్రీల తేడా లోపల ఉన్నది ఎనిమిది సెంటీమీటర్లే. అంచులకు ఐదు సెంటీమీటర్ల దూరంలో 400కు కాస్త పైన. బ్రోచర్‌లో మాత్రం ఆ 30 సెంటీమీటర్లనూ సమానంగా వేడెక్కే భాగమనే వేశారు. పొట్టునూ క్యాటలిస్ట్‌నూ ఒకే ట్యూబ్‌లో కిందా పైనా పెట్టే మాలాంటి వాళ్లకు ఎనిమిది సెంటీమీటర్లు చాలవు. ఏదో ఒకటి జోన్ బయట పడుతుంది.

ఫోన్ చేస్తే వాళ్ల టెక్నీషియన్, "మేడమ్, డిస్‌ప్లే 500 చూపిస్తోంది కదా, ఇంకేం ప్రాబ్లం?" అన్నాడు. పక్కనే సిలిండర్ రెగ్యులేటర్ బిగిస్తున్న మా ల్యాబ్ అన్న వినేసి, "చూపిచ్చేది వేరే, లోపలుండేది వేరే కదా మేడమ్" అన్నాడు. ఫర్నేస్ మీద ఇంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

థర్మోకపుల్‌దే తప్పేమో అని అడిగేవాళ్లు ఉంటారు. మామూలు కె-టైప్‌కు 500 దగ్గర నాలుగు డిగ్రీల దాకా తేడా సహజం, 28 డిగ్రీలు రావు. అనుమానముంటే ఐసు ముక్కలు వేసిన నీళ్లలో, ఆ తర్వాత మరిగే నీళ్లలో ముంచి చూసుకోండి. మన ఊరు సముద్రమట్టానికి మూడొందల మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 99 దగ్గరే మరుగుతాయి. 100 రాలేదని థర్మోకపుల్‌ను తిట్టకండి.

రెండు చివర్లా ట్యూబ్‌కూ ఫర్నేస్‌కూ మధ్య ఉన్న సందులో సిరామిక్ ఊలు కూరితే కొంత నయమైంది, ఎనిమిది కాస్తా పన్నెండైంది. తయారీదారే చేసి పంపాల్సిన పని ఇది, ఖర్చు కూడా ఏమంత ఉండదు. ఊలు కూరేటప్పుడు మాస్క్, గ్లౌజులు వేసుకోండి, ఆ నార ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కంట్రోలర్ మంచిదే, పీఐడీ (వేడిని చూసుకుంటూ పవర్‌ను తనే పెంచి తగ్గించేది), బజార్లో దొరికే రకం. కానీ వచ్చినప్పటి సెట్టింగులతో 500 అడిగితే 540 దాకా ఎగిరి, ఆ తర్వాత మెల్లగా దిగొచ్చేది. ఆటో ట్యూన్, అంటే కంట్రోలరే తన సెట్టింగులు సరిచూసుకునే పని, చేయించాక రెండు మూడు డిగ్రీలకు వచ్చింది. ఖాళీ ఫర్నేస్‌తో ఆటో ట్యూన్ చేస్తే లాభం లేదు. ట్యూబ్ పెట్టి, నైట్రోజన్ వదిలి, మీరు పని చేసే ఉష్ణోగ్రత దగ్గర చెయ్యాలి.

బెడ్ లోపల సొంత థర్మోకపుల్ ఎందుకు తప్పనిసరో కోక్ (క్యాటలిస్ట్ మీద పేరుకున్న కార్బన్) కాల్చేటప్పుడు బాగా తెలుస్తుంది. ఆవిర్లు కాసేపు పోయేసరికి జియోలైట్ మీద కార్బన్ పేరుకుని తెల్లటి గింజలు నల్లబడతాయి, పని మందగిస్తుంది. 550 దగ్గర గాలి పంపి ఆ కార్బన్‌ను కాలిస్తే మళ్లీ తెల్లబడతాయి. అయితే కోక్ కాలడం అంటే మంటే కదా, వేడి బెడ్‌లోనే పుడుతుంది. డిస్‌ప్లే 550 దగ్గర బుద్ధిగా కూర్చుని ఉంటే మా లోపలి థర్మోకపుల్ 600 దాటి పోతోంది. కోక్‌లో హైడ్రోజన్ కూడా ఉంటుంది కాబట్టి నీటి ఆవిరి పుడుతుంది. అంత వేడిలో ఆ ఆవిరి జియోలైట్‌లోని అల్యూమినియాన్ని ఊడదీస్తుంది, అది పోతే ఆమ్ల గుణం పోతుంది, ఇక ఆ క్యాటలిస్ట్ మళ్లీ మామూలు స్థితికి రాదు. గాలిని నైట్రోజన్‌తో బాగా పల్చన చేసి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. గోడ థర్మోకపుల్ ఒక్కటే నమ్ముకున్న వాళ్లకు ఇదంతా కనిపించదు. "మూడో రీజెనరేషన్‌కు యాక్టివిటీ పడిపోయింది" అని థీసిస్‌లో రాసుకుంటారు.

కరెంటు గురించి. 2 కిలోవాట్లు అన్నది 230 వోల్టుల దగ్గరి లెక్క. మా బ్లాకులో సాయంత్రాలు 200 వస్తే గొప్ప. వోల్టేజీ తగ్గితే పవర్ దాని వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి 200 దగ్గర మిగిలేది ఒకటిన్నర కిలోవాట్లే. వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే, పని ఆగదు. కరెంటు పోయి వచ్చినప్పుడే తలనొప్పి. ఈ కంట్రోలర్ ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి మొదలుపెడుతుంది. జియోలైట్‌ను అమ్మోనియం రూపం నుంచి హైడ్రోజన్ రూపానికి మార్చడానికి 550 దగ్గర గంటల తరబడి ఉంచుతాం. రాత్రి పెట్టి ఇంటికి పోతే పొద్దున వచ్చేసరికి ఎన్ని గంటలు కాలిందో ఎవరికీ తెలియదు. మెనూలో లోపలెక్కడో దీన్ని మార్చుకునే వీలుంది. మాన్యువల్లో ఆ పేజీ లేదు, టెక్నీషియనే ఫోన్లో చెప్పి మార్పించాడు, అతనికి ఆ మేరకు ధన్యవాదాలు.

అన్నట్టు, ల్యాబ్ చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎన్‌పీ కుంటలో అంత సోలార్, ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల పార్కు, రామగిరి కొండల మీద గాలిమరలు ఉండగా ఈ పొట్టు ఉడికించడం ఎందుకని. అవన్నీ ఇచ్చేది కరెంటు. ట్యాంకులో పోసుకునే ద్రవం కావాలంటే ఎక్కడో ఒకచోట కార్బన్ ఉండాలి, మన దగ్గర అది పొట్టులో ఉంది.

మార్కులు బాగా కోసింది సేఫ్టీ దగ్గర. కంట్రోల్ బాక్స్‌ను ఫర్నేస్ కిందే బిగించారు. మన ఎండాకాలం 42 డిగ్రీల్లో, పైనుంచి ఫర్నేస్ సెగ, లోపల ఎస్‌ఎస్‌ఆర్ (కాయిల్‌కు కరెంటు వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) వేడి, అన్నీ కలిసి ఆ పెట్టె మాడిపోతుంది. ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోయిందంటే చాలాసార్లు ఆఫ్ అయి ఊరుకోదు, ఆన్‌లోనే అతుక్కుపోతుంది. అప్పుడు కంట్రోలర్ ఎంత ఆపమన్నా కాయిల్ కాలుతూనే ఉంటుంది. అందుకే వేరే థర్మోకపుల్‌తో, వేరే కాంటాక్టర్‌తో (కరెంటు తెంచే పెద్ద స్విచ్‌తో) ఓవర్ టెంపరేచర్ కటాఫ్ ఉండాలి. ఇందులో లేదు. మా ఊరి ప్యానెల్ బోర్డులు చేసే అబ్బాయితో బయట పెట్టించుకున్నాం, బాక్స్‌ను కూడా పక్క గోడకు మార్పించి చిన్న ఫ్యాన్ పెట్టించాం. రాత్రిళ్లు నడిపే ఉద్దేశం ఉంటే ఇది లేకుండా స్విచ్ వెయ్యకండి.

ఇంకో చిన్న సంగతి. ట్యూబ్ కింద ఫర్నేస్ బయటికి పొడుచుకొచ్చిన భాగం చాలా పొడవు. చివర సీలుగా వేసిన సిలికాన్ ఓ-రింగ్ కాలకుండా అలా ఉంచారు, అర్థమైంది. కానీ ఆవిర్లు అక్కడే చల్లబడి తారులా గడ్డకట్టి దారి మూసేస్తాయి. హీటింగ్ టేపు చుట్టాల్సి వచ్చింది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ పొడవు తగ్గించి, చివర గ్రాఫైట్ గాస్కెట్ వెయ్యమని చెప్పండి. లేత్ పని తెలిసినవాళ్లు ఇక్కడే చేసిపెడతారు.

ఎవరు కొనాలి? ఎంటెక్ ప్రాజెక్టులకు, పొట్టు, కట్టెపొడి లాంటివి కాల్చి చూసేవాళ్లకు, క్యాటలిస్ట్ కాల్సినేషన్‌కు (గంటల తరబడి వేడిలో ఉంచడానికి) భేషుగ్గా సరిపోతుంది. పేపర్లో ఉష్ణోగ్రత రాసి కింద పేరు పెట్టుకునేవాళ్లు మూడు జోన్లది చూసుకోవాలి, ధర రెండింతల పైనే అవుతుంది. లేదా ఇదే కొని, ఆర్డర్ కాగితం మీద ఫ్లాట్ జోన్ (సమానంగా వేడెక్కే భాగం) ఎంత పొడవో, ఎన్ని డిగ్రీల లోపలో, ఏ ఉష్ణోగ్రత దగ్గరో రాయించి, డెలివరీ రోజు వాళ్ల ముందే థర్మోకపుల్ దించి చూశాకే బిల్లు మీద సంతకం పెట్టండి.

వారంటీలో కాయిల్ లేదు. థర్మోకపుల్, ఎస్‌ఎస్‌ఆర్, కంట్రోలర్ ఎక్కడైనా దొరుకుతాయి గానీ కాయిల్ ఉన్న చెక్క వాళ్ల దగ్గరే దొరుకుతుంది. కొనేటప్పుడే ఒకటి అదనంగా బేరమాడుకోండి. తర్వాత అడిగితే మాకు చెప్పిన ధర ఫర్నేస్ మొత్తం ధరలో మూడో వంతు.