జయనగర్‌లో రెండు రోజుల మ్యాపింగ్ క్లాసు, చేరొచ్చు

మదనపల్లె దగ్గర మా పొలంలో మామిడి ఎక్కడ పెట్టాలి, కుంట ఎక్కడ తవ్వాలి అన్నది ఇక్కడ బెంగళూరులో కూర్చుని తేల్చుకోలేక ఈ క్లాసులో చేరాను. డబ్బు దండగ కాలేదు.

బాగా నచ్చింది ఫజీ లాజిక్ చెప్పిన తీరు. మామూలుగా అయితే వాలు 10 శాతం దాటితే పనికిరాదని ఒక గీత గీసేస్తాం, దాంతో 9.9 ఉన్న పొలం చెక్క మంచిది, 10.1 ఉన్నది చెడ్డది అయిపోతుంది, నేల ఎక్కడైనా అలా ఉంటుందా అండీ? 1965లో లోట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ప్రతి చోటుకీ అది ఎంత బాగుందో చెప్పే విలువ ఒకటి ఇస్తారు, 0 అంటే అసలు పనికిరాదు, 1 అంటే పూర్తిగా బాగుంది. వాలుకి 0.8, మట్టి లోతుకి 0.4 వచ్చాయనుకోండి, రెండూ బాగుండాల్సిందే అన్నప్పుడు తక్కువదైన 0.4నే తీసుకుంటారు, అంటే వాలు ఎంత బాగున్నా పలచని మట్టిని కప్పిపుచ్చలేదు. మా నాన్న "ఆ చెక్క పర్లేదురా, కానీ మరీ అంత కాదు" అనేది ఇదే కదా అనిపించింది!

అంతా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోనే చేయించారు, అది ఉచితం.

లోటు ఏమిటంటే నేల ఎత్తుల డేటా 30 మీటర్ల గడులది, గడి మొత్తానికీ ఒకే ఎత్తు. ఒక్కో గడి 900 చదరపు మీటర్లు, దాదాపు 22 సెంట్లు, మా గట్లూ చిన్న వంకలూ అందులో కనబడవు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది, నేను రెండో రోజు సాయంత్రం అడిగితే గానీ చెప్పలేదు. ఎంత వాలుకి 0, ఎంతకి 1 ఇవ్వాలి అని ఎంచుకోవడం కూడా హడావిడిగా దాటేశారు, అసలు పనంతా ఉన్నది అక్కడే. వెళ్లేవాళ్లు సొంత ల్యాప్‌టాప్, మీ పొలం సర్వే మ్యాపు తీసుకెళ్లండి.