హౌలాండ్ ఊరు, ఎలిజబెత్ ఊరు: ఒక మేఫ్లవర్ వంశం వెంట మా ప్రయాణం

జాన్ హౌలాండ్ పేరు మనవైపు పెద్దగా ఎవరూ విని ఉండరు. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరిన 102 మందిలో ఒకడు. జాన్ కార్వర్ అనే ఆసామి దగ్గర నౌకరుగా ఓడెక్కాడు. నడిసముద్రంలో తుపాను పట్టినప్పుడు డెక్ మీదికి వచ్చాడు. ఓడ ఒరిగేసరికి నీళ్ళలో పడ్డాడు. అదృష్టం కొద్దీ పక్కన వేలాడుతున్న తెరచాప తాడు చేతికి దొరికింది. చాలా లోతుకు మునిగినా తాడు మాత్రం వదల్లేదు. పైవాళ్ళు తాడు లాగి, కొక్కెం కర్ర అందించి ఓడలోకి చేర్చారు. ఆ తర్వాత యాభై ఏళ్ళు పైనే బతికి, పది మంది పిల్లల్ని, 88 మంది మనవల్ని ఇచ్చి 1673 ఫిబ్రవరిలో పోయాడు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, బుష్ తండ్రీకొడుకులు ఆ వంశంవాళ్ళే. మా అల్లుడూ ఆ వంశంవాడే.

మా వియ్యపురాలికి మేఫ్లవర్ వారసుల సంఘంలో సభ్యత్వం తీసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. నన్ను తోడు రమ్మంది. మా అమ్మాయి నేర్పిన పుణ్యమా అని ఆవిడ నన్ను "వదినా" అనే పిలుస్తుంది. నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. పాత దస్తావేజులంటే నాకు ప్రాణం. ఆ సంఘంవాళ్ళు అడిగేవి వినగానే మన లింకు డాక్యుమెంట్లే గుర్తొచ్చాయి. హౌలాండ్ దగ్గర్నుంచి దరఖాస్తుదారు దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్ళి, చావు రుజువు చూపించాలి. మధ్యలో ఒక్క తరం తెగినా దరఖాస్తు ఆగిపోతుంది. మొదటి అయిదు తరాలు సంఘంవాళ్ళు అచ్చువేసిన సంపుటాల్లోనే ఉంటాయి కాబట్టి అక్కడిదాకా మనం కష్టపడక్కర్లేదు. చిక్కంతా ఆ తర్వాతే.

ముందు ఇంగ్లండ్ వెళ్ళాం. హౌలాండ్‌ది ఫెన్‌స్టాంటన్, ఇప్పటి కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంది. ఆయన భార్య ఎలిజబెత్ టిల్లీది హెన్లో, బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. లండన్ నుంచి పీటర్‌బరో వైపు వెళ్ళే లోకల్ రైలు మార్గంలోనే రెండూ వస్తాయి. హెన్లోకి ఆర్ల్‌సీలో, ఫెన్‌స్టాంటన్‌కి హంటింగ్‌డన్‌లో దిగాలి. చాలామంది కేంబ్రిడ్జ్‌లో దిగి రోజూ తిరుగుతారు. నన్నడిగితే హంటింగ్‌డన్ గానీ పక్కనున్న సెయింట్ ఐవ్స్ గానీ మేలు. గదులు చవక. పాత పత్రాలుండే హంటింగ్‌డన్‌షైర్ ఆర్కైవ్స్ హంటింగ్‌డన్ లైబ్రరీలోనే ఉంది. సెయింట్ ఐవ్స్‌లో నది మీద పాతకాలపు రాతి వంతెన, దాని నడిమధ్య చిన్న ప్రార్థనా మందిరం ఉన్నాయి. సాయంత్రం అక్కడ నడవడానికి చాలా హాయిగా ఉంటుంది. మేం దిగిన హోమ్‌స్టే ఆవిడ పొద్దున్నే మాకోసం గుడ్డు లేకుండా టిఫిన్ చేసి, చర్చి వార్డెన్‌కి తనే ఫోన్ చేసి తాళం తీయించింది. చెప్పాపెట్టకుండా వెళ్తే పల్లెటూరి చర్చి తలుపులు మూసి ఉండొచ్చు. ముందు ఫోన్ చేసుకోవడం తప్పనిసరి.

ఫెన్‌స్టాంటన్‌లో సెయింట్ పీటర్, సెయింట్ పాల్ చర్చి చూడదగ్గది. తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ స్మారకం ఉన్నది ఇక్కడే కాబట్టి వచ్చేవాళ్ళలో చాలామంది ఆయన కోసమే వస్తారు. జాన్ తండ్రి హెన్రీ హౌలాండ్‌ని 1635 మేలో ఈ ఊళ్ళోనే పాతిపెట్టినట్టు నమోదై ఉంది. జాన్ బాప్తిస్మం నమోదు మాత్రం దొరకలేదు. మరి ఈ ఊరివాడేనని ఎలా తేలింది? అన్నగారి ఆస్తి పంపకం వల్ల. లండన్‌లో బట్టల వ్యాపారం చేసిన హంఫ్రీ హౌలాండ్ 1646లో రాసిన వీలునామాలో జార్జ్, ఆర్థర్, జాన్, హెన్రీ అని తమ్ముళ్ళ పేర్లు ఉన్నాయి. జాన్, ఆర్థర్, హెన్రీ ముగ్గురూ మేఫ్లవర్‌వాళ్ళు మసాచుసెట్స్‌లో ఏర్పరచుకున్న ప్లిమత్ కాలనీలో స్థిరపడ్డవాళ్ళే. అలా అమెరికా కొమ్మకీ ఇంగ్లండ్ వేరుకీ ముడి పడింది. రుజువంటే ఇదీ. ఊళ్ళో చెప్పుకునే కథల కంటే సోదరుల పేర్లున్న ఒక్క వీలునామా నాకు ఎక్కువ.

ఆ వీలునామా కోసం లండన్ శివారులో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్ దాకా వెళ్ళక్కర్లేదు. ఆ కాలపు పెద్ద కోర్టు వీలునామాల నకళ్ళని వాళ్ళ వెబ్‌సైట్‌లోంచి ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. పాత లిపి చదవడం నేర్పే ఉచిత పాఠాలూ అక్కడే ఉన్నాయి. అవి ముందు చేసి వెళ్తే చాలా సమయం కలిసొస్తుంది. క్యూ దాకా వెళ్ళి అసలు పత్రాలు చూడాలనుకుంటే రీడర్ టికెట్ ఉచితమే. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు పట్టుకెళ్ళాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే.

హెన్లో కూడా చిన్న ఊరే. హౌలాండ్ వారసులు ఫెన్‌స్టాంటన్ దాకా వచ్చి ఇక్కడికి రాకుండా వెళ్ళిపోతుంటారని చర్చి దగ్గర ఒకావిడ చెప్పింది. నాకది మనసుకు పట్టింది. పదిమంది పిల్లల్ని కన్నది ఎలిజబెత్ అయితే యాత్రంతా జాన్ పేరు మీదే నడుస్తోంది. ఆమె బాప్తిస్మం 1607 ఆగస్టు 30న ఇక్కడి సెయింట్ మేరీ చర్చిలో జరిగింది. జాన్ది దొరకలేదు గానీ ఆమెది పక్కాగా ఉంది.

ఆ పద్దు చూడటానికి బెడ్‌ఫర్డ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాం. అసలు పుస్తకం చేతికి ఇవ్వరు, ఫిల్మ్ ప్రతి చూడాలి. తెర మీద మసకగా గోధుమరంగు పేజీ. 'ఇ' అక్షరం వెనక్కి తిరిగి ఉన్నట్టు రాస్తారు ఆ లిపిలో, 'ఎస్' పొడుగ్గా కిందికి జారుతుంది. పేజీలో సగానికి పైగా సిరా పాలిపోయింది. మా వియ్యపురాలు తెరకి ఒక అంగుళం దూరంలో వేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి దిగుతూ వచ్చి, ఎలిజబెత్ దగ్గర ఆగింది. తండ్రి జాన్ టిల్లీ. కొంచెం పైకి వెళ్తే ఆ దంపతుల మిగతా పిల్లల పేర్లూ కనిపించాయి. ఎలిజబెత్ అందరికంటే చిన్నది. తల్లిదండ్రులతో ఓడెక్కింది ఈ పిల్ల ఒక్కతే. అప్పటికి 13 ఏళ్ళు. మొదటి చలికాలంలోనే తల్లీ తండ్రీ, అదే ఓడలో వచ్చిన పినతండ్రి పినతల్లులూ పోయారు. ఆ చలికాలం ఓడలో వచ్చినవాళ్ళలో సగం మందిని తీసుకుపోయింది. తోబుట్టువులంటూ పక్కన ఎవరూ లేని ఆ పిల్ల తర్వాత హౌలాండ్‌ని చేసుకుంది.

బెడ్‌ఫర్డ్ ఆర్కైవ్స్ సిబ్బందికి నా వైపునుంచి పూర్తి మార్కులు. ఓపిగ్గా ఫిల్మ్ ఎక్కించి, చదవలేని మాట దగ్గర పక్కన నిలబడి చెప్పారు. దీనికి ముందు మా వియ్యపురాలు ఆన్‌లైన్‌లో ఒకరికి డబ్బు కట్టి వంశవృక్షం గీయించుకుంది. రంగుల్లో బొమ్మలతో వచ్చింది గానీ ఒక్క పేరు కింద కూడా ఆధారం రాయలేదు. డబ్బు కట్టే ముందు ఆధారాల జాబితా ఇస్తారా అని అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

ఇక మసాచుసెట్స్. బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి ప్లిమత్‌కి బస్సుంది, కానీ కింగ్‌స్టన్, ఈస్ట్ ప్రావిడెన్స్ కూడా చూడాలంటే కారు తీసుకోవడమే నయం. ప్లిమత్‌లో ఓడరేవు ఎదురుగా ఉన్న ఒక హోటల్లో దిగాం. అద్దె భారీగా ఉంది, కిటికీలోంచి మాత్రం పార్కింగ్ స్థలమే కనిపించింది. మాట్లాడుకున్న గది ఒకటి, ఇచ్చిన గది ఇంకొకటి. రెండు వీధులు వెనక్కి వెళ్తే సగం ధరకి మంచి గదులున్నాయి. అన్నిటికీ నడిచే దూరమే. శాకాహారులకి ఊళ్ళో పిజ్జా, బ్రెడ్డు తప్ప ఎక్కువ దొరకవు. మేం బోస్టన్‌లోనే పెరుగు, పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ సర్దుకుని వెళ్ళాం.

ప్లిమత్ రాక్‌కి పావుగంట చాలు. 1620 అని అంకె చెక్కిన బండ, చుట్టూ స్తంభాల మండపం. దానికి ఎదురుగా ఉన్న కోల్స్ హిల్ మీద ఎక్కువసేపు ఉండండి. మొదటి చలికాలంలో పోయినవాళ్ళ ఎముకలు ఉంచిన రాతి పేటిక అక్కడుంది. దాని మీది పేర్లలో టిల్లీలు ఉన్నారు. దగ్గర్లోనే వాంపనోగ్ అనే ఆదివాసీ తెగ నాయకుడు మససాయిట్ విగ్రహం, 1970 నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజున అక్కడి ఆదివాసులు పాటిస్తున్న సంతాప దినం గురించి చెప్పే ఫలకం ఉన్నాయి. ఓడ వచ్చేసరికే అంటురోగాలతో ఊరంతా తుడిచిపెట్టుకుపోయిన పటక్సెట్ నేల మీద ఈ కాలనీ వెలిసింది. వంశం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆ ఫలకం ముందు నిలబడి చదివి తీరాలని నా గట్టి అభిప్రాయం. మా వియ్యపురాలు మొత్తం చదివి, మనవరాలికి చెప్పాలని ఫోటో తీసుకుంది.

ప్లిమత్ పటక్సెట్ మ్యూజియంకి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. ఇంగ్లీషువాళ్ళ పల్లె ఒకవైపు, వాంపనోగ్ ఇళ్ళు ఒకవైపు. వాంపనోగ్ వైపు ఉన్న ఆదివాసీ సిబ్బంది వేషం కట్టి నటించరు, ఈనాటి మనుషులుగానే మాట్లాడతారు. రేవులో మేఫ్లవర్ టూ ఓడ ఉంటుంది. 1957లో ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి వచ్చిన నమూనా ఇది. లోపల ఆ ఇరుకు చూస్తే 102 మంది ఎలా వచ్చారా అనిపిస్తుంది. ఓడకీ మ్యూజియంకీ కలిపి టికెట్ తీసుకుంటే చవక. చలికాలంలో మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి. పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియం 1824 నాటిది, చిన్నదే గానీ ఓడలో నిజంగా వచ్చిన వస్తువులున్నాయి. అల్లిన పుల్లల ఊయల ఒకటి చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

హౌలాండ్ వంశంవాళ్ళకి అసలైన చోటు శాండ్‌విచ్ వీధిలోని జేబెజ్ హౌలాండ్ ఇల్లు. జేబెజ్ వాళ్ళ కొడుకు. ముసలితనంలో జాన్, ఎలిజబెత్‌లు మసలిన ఇల్లు ఇది. ప్లిమత్‌లో మేఫ్లవర్ ప్రయాణికులు అడుగుపెట్టిన ఇళ్ళలో ఇంకా నిలిచి ఉన్నది ఇదొక్కటే. హౌలాండ్ వారసుల సంఘం దాన్ని చూసుకుంటోంది. మాకు ఇల్లు చూపించినావిడ 1627 పశువుల పంపకం గురించి చెప్పింది. ఆ ఏడాది కాలనీ పశువుల్ని 13 మంది చొప్పున 12 వాటాలుగా పంచారు. వాటాదారుల పేర్లన్నీ రాసిపెట్టారు, పసిపిల్లలతో సహా. జాన్ వాటాకి రాగ్‌హార్న్ అనే పెయ్య వచ్చింది. ఆ జాబితాలో భార్య ఎలిజబెత్, కూతురు డిజైర్, కొడుకు జాన్ పేర్లున్నాయి. అంటే 1627 నాటికి ఆ ఇద్దరు పిల్లలూ పుట్టారన్నమాట. పశువుల లెక్క జనాభా లెక్కగా పనికొచ్చింది. ఇలాంటి కాగితం దొరికినప్పుడు నాకు కలిగే సంతోషం నాతో పనిచేసినవాళ్ళకి బాగా తెలుసు.

ఎలిజబెత్ విషయంలో ఒక అన్యాయం చాలాకాలం సాగింది. జాన్ పెళ్ళాడింది తన యజమాని, కాలనీ మొదటి గవర్నర్ కార్వర్ ఇంటి ఆడపిల్లనని తరతరాలుగా చెప్పుకున్నారు. నౌకరుకి గవర్నర్ ఇంటి సంబంధమంటే ఎవరికైనా బాగుంటుంది కదా. కార్వర్ తర్వాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన కాలనీ చరిత్ర అమెరికా విప్లవకాలంలో బోస్టన్ నుంచి మాయమై, లండన్ బిషప్ గ్రంథాలయంలో తేలింది. అది 1856లో అచ్చయ్యాక గానీ ఆమె జాన్ టిల్లీ కూతురని లోకానికి తెలియలేదు. ఆ రాతప్రతి 1897లో మసాచుసెట్స్‌కి తిరిగొచ్చింది. రాష్ట్ర గ్రంథాలయం పేజీలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టింది.

కింగ్‌స్టన్‌లోని రాకీ నూక్‌లో హౌలాండ్ పొలం ఉండేది. ఇల్లు తర్వాత యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడు ఖాళీ స్థలం, గుర్తు ఫలకం. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, దగ్గరే కాబట్టి వెళ్ళండి. ఎలిజబెత్ సమాధి మాత్రం వదలొద్దు. భర్త పోయాక ఆమె కూతురు లిడియా దగ్గరికి వెళ్ళి 1687 డిసెంబరులో అక్కడే పోయింది. రోడ్ ఐలండ్‌లోని ఈస్ట్ ప్రావిడెన్స్‌లో, నీళ్ళ ఒడ్డున ఉన్న లిటిల్ నెక్ శ్మశానంలో ఆ సమాధి ఉంది. వీలునామాలో పిల్లలందరూ ఒకరితో ఒకరు ప్రేమగా, శాంతిగా ఉండాలని ప్రత్యేకంగా రాయించింది.

మా దరఖాస్తులో తెగిన లింకు 1800ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రానికి వలసపోయిన తరం దగ్గర ఉంది. మసాచుసెట్స్‌లో ఊరూరా పుట్టుక చావుల పుస్తకాలుంటాయి. న్యూయార్క్‌లో రాష్ట్రమంతటా నమోదు 1880 తర్వాతే. ఇంట్లో అందరి పేర్లూ రాసిన మొదటి అమెరికా జనగణన 1850ది. అంతకు ముందు ఇంటి యజమాని పేరే ఉంటుంది. ఆ సందులో పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలు కనిపించకుండా పోతారు. 1845లో మొదలైన వంశచరిత్ర సంఘానికి బోస్టన్ న్యూబరీ వీధిలో ఉన్న గ్రంథాలయంలో కూర్చుని భూమి అమ్మకం దస్తావేజులు తిరగేశాం. తండ్రి పోయాక వాటాదారులంతా కలిసి పొలం అమ్మినప్పుడు కూతుళ్ళూ అల్లుళ్ళూ పేర్లు పెట్టి సంతకాలు చేస్తారు. ఏ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా తెలిసిన సంగతే ఇది. అలాంటి ఒక దస్తావేజులో మా వియ్యపురాలి ముత్తవ్వ తల్లి పుట్టింటి పేరు దొరికింది. దాని నకలు ధ్రువీకరించి పంపమని ఆ కౌంటీ ఆఫీసుకి రాశాం. అది రాగానే దరఖాస్తు ప్లిమత్‌లోని మేఫ్లవర్ వారసుల సంఘం ఆఫీసుకి వెళ్తుంది.