నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న ఎండ కోటు: స్కూటీ మీద తిరిగేవాళ్లకు

కావలి నుంచి ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటల దగ్గర నీళ్ల శాంపిళ్లు తీయడం నా పని, తిరుగుడంతా స్కూటీ మీదే, అందుకని ఎండ కోటు నాకు సోకు కాదు, అవసరం. ఈసారిది నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చిన్న బట్టల కొట్లో తీసుకున్నా. 450 రూపాయలు. ముదురు నీలం కాటన్, మోకాళ్ల దాకా వస్తుంది, ముందు జిప్పు, వెనక టోపీ.

కొట్టతను ముందు తెల్లది తీశాడు. "తెల్లదైతే చల్లగా ఉంటుందక్కా, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు. గుమ్మంలోకి తెచ్చి ఎండకు ఎత్తి పట్టుకుంటే అవతల ఆపిన బండి కూడా కనిపిస్తోంది. "ఇంత పల్చటిది వద్దన్నా, ముదురు రంగులో మందంగా ఉండేది చూపించు" అన్నా. వేడి తగలకపోవడం వేరు, చర్మం కమలకపోవడం వేరు. పల్చటి తెల్ల కాటన్‌లోంచి అతినీలలోహిత కిరణాలు బాగానే లోపలికి దిగుతాయి, చెమటకు తడిసిందంటే ఇంకా ఎక్కువ. నేత దగ్గరగా, రంగు ముదురుగా ఉంటే బట్టే చాలావరకు ఆపేస్తుంది. ఉక్కపోస్తుంది, నిజమే, బండి ఆపగానే జిప్పు తీసేయాల్సిందే, అయినా నా ఓటు దీనికే.

నాకు బాగా నచ్చింది చేతుల దగ్గర కుట్టు. మణికట్టు దగ్గర ఆగకుండా వేళ్ల మొదళ్ల దాకా వచ్చి, బొటనవేలు దూర్చుకోడానికి కన్నం ఉంది. మామూలు కోటు, గ్లౌజులు వేసుకుంటే హ్యాండిల్ పట్టుకోగానే కోటు చెయ్యి పైకి జరిగి, రెండింటి మధ్య గాజులు వేసుకునే చోట చర్మం బయటపడుతుంది, మే నెలకల్లా అక్కడ నల్లటి పట్టీ. ఇందులో ఆ బాధ లేదు. కన్నం చుట్టూ కాజా కుట్టు గట్టిగా వేశారు, పోగులు లేవడం లేదు.

టోపీ మాత్రం దండగ. హెల్మెట్ కింద ఇమడదు, గుంట గట్టు మీద వడగాడ్పుకి నిలవదు, టైలర్ దగ్గర తాడు వేయించుకున్నా. మొదటి ఉతుకులో రంగు బాగా దిగింది, విడిగా ఉతకండి.

కోటు ఉంది కదా అని మొహానికి సన్‌స్క్రీన్ మానొద్దు. నీళ్ల మీంచి, ఇసక మీంచి ఎండ తిరిగి మొహానికే కొడుతుంది, దాన్ని గొడుగు ఆపలేదు. సరిగ్గా రాస్తే ఎస్‌పీఎఫ్ (ట్యూబు మీది రక్షణ నంబరు) 30 ఉన్నది యూవీబీ కిరణాల్లో, అంటే అతినీలలోహితాల్లో చర్మాన్ని కమిలించే రకంలో, 97 శాతం దాకా, 50 అయితే 98 శాతం దాకా ఆపుతుంది, కాబట్టి పెద్ద నంబరు కోసం డబ్బులు పోయకండి, ట్యూబు మీద పీఏ పక్కన ప్లస్‌లు ఎన్నున్నాయో చూడండి, అది యూవీఏ, అంటే చర్మంలోకి ఇంకా లోతుగా దిగే రకం, ఎంత ఆపుతుందో చెప్పే లెక్క. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి, శనగగింజంత రాసి పనిచేయలేదంటే ఎట్లా? బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే, చెమట కారితే ఇంకా ముందే.

కొనేవాళ్లు ఒక సైజు పెద్దది తీసుకోండి, ఉతికాక కాస్త ముడుచుకుంటుంది. మార్చిలోనే వెళ్లండి, కృత్తిక కార్తె వచ్చాక ఆ కొట్లో పల్చటి తెల్లవే మిగులుతాయి.